ఆశ్రయమిచ్చే చేతులు, నిర్ణయించే చేతులు
కథోలిక మఠకన్యలు - శరణార్థి స్త్రీల హక్కులు

(వలస స్త్రీల హక్కులపై జరిగిన రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా అంశం చూసి నిన్న కొందరు మిత్రులు సూటిగానే అడిగారు, "మతసంస్థల సేవ గురించి స్త్రీల సంఘాల సమావేశంలో చర్చ ఎందుకు? అందులోనూ గర్భనిరోధక సాధనాలను కూడా తప్పుపట్టే చర్చి గురించి?" అని. న్యాయమైన ప్రశ్న. దీనికి పూర్తి వ్యతిరేకంగా మాట్లాడిన వాళ్లూ ఉన్నారు. "మా పేటకు ముందుగా వచ్చింది సిస్టరమ్మలే, మీ సంఘాలు ఆ తర్వాతే వచ్చాయి" అని ఒక దళిత క్రైస్తవ మిత్రురాలు అన్నది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలనే తొందర మనకు ఉండకూడదు.

నేను ఈ రోజు ప్రధానంగా అమెరికా అనుభవాన్ని తీసుకుంటాను. గత నలభై అయిదేళ్లుగా అక్కడ మధ్య అమెరికా దేశాల నుంచి పారిపోయి వచ్చిన వాళ్ల పక్షాన కథోలిక స్త్రీలు, ముఖ్యంగా మఠకన్యలు, చేసిన పని చాలా విస్తృతమైంది. దాన్ని మూడు ప్రశ్నలతో చూద్దాం. ఈ పని ఎవరు చేస్తున్నారు? నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు? ఆశ్రయం పొందిన స్త్రీకి తన శరీరం మీద ఎంత హక్కు మిగులుతోంది?

దానం నుంచి హక్కుకు

వలస వచ్చిన వాళ్లకు అన్నం పెట్టడం చర్చికి కొత్త కాదు. ఇటలీ నుంచి 1889లో న్యూయార్క్ చేరిన మదర్ కబ్రీని ఇటాలియన్ వలస కార్మికుల పిల్లలకు అనాథాశ్రమాలు, బడులు, ఆసుపత్రులు పెట్టింది. 1946లో ఆమెను పునీతగా ప్రకటించారు. అది సేవ. సేవలో ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అనే తేడా ఉంటుంది. పుచ్చుకునే మనిషి కృతజ్ఞతతో తల వంచుకోవాలి.

హక్కు అలా కాదు. మనిషి తన దేశం విడిచి మరో దేశానికి వెళ్లడాన్ని హక్కుగా గుర్తించిన ముఖ్యమైన పోప్ లేఖ 1963లో 23వ జాన్ రాసిన 'పాచెం ఇన్ తెరిస్'. 1980లో, పడవల మీద పారిపోతున్న వియత్నామీయుల దుస్థితి చూసి యేసు సభ పెద్ద పెద్రో అరూపే జెస్యూట్ శరణార్థి సేవా సంస్థను స్థాపించాడు. ఈ సంస్థ తమిళనాడులోని శ్రీలంక శరణార్థుల మధ్య కూడా పనిచేసింది. అన్నం పెట్టడంతో పాటు, వాళ్లు ఎందుకు పారిపోవలసి వచ్చింది అని అడగడం కూడా అప్పటి నుంచి ఈ పనిలో భాగమైంది. ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం సేవ రాజకీయమవుతుంది. రాజ్యానికి కోపం వచ్చేది అక్కడే.

ఎల్ సాల్వడార్: నలుగురు స్త్రీలు

1980 మార్చి 24న ఎల్ సాల్వడార్‌లో అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరోను పూజ చేస్తుండగా కాల్చి చంపారు. ఆ పేరు ప్రపంచానికి తెలుసు. 2018లో ఆయనను పునీతునిగా ప్రకటించారు. 1980లోనే డిసెంబర్ 2న మరో నలుగురు హత్యకు గురయ్యారు. మారా క్లార్క్, ఈటా ఫోర్డ్, డొరొతీ కేజల్ మఠకన్యలు. జీన్ డొనవన్ మఠవ్రతం తీసుకోని, ఇరవయ్యేడేళ్ల స్వచ్ఛంద సేవిక. యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్న పేదలకు తిండి, తలదాచుకునే చోటు చూపించడం వాళ్ల పని. విమానాశ్రయం నుంచి వస్తున్న దారిలో నేషనల్ గార్డ్ సైనికులు వాళ్లను ఆపి, అత్యాచారం చేసి, చంపారు.

రొమేరోను కాల్చి చంపారు. ఈ స్త్రీలను చంపే ముందు అత్యాచారం చేశారు. రాజ్యహింస స్త్రీల మీదికి వచ్చేసరికి ఏ రూపం తీసుకుంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. మఠవ్రతమూ, అమెరికా పౌరసత్వమూ వాళ్లను కాపాడలేదు.

ఆ తర్వాత జరిగింది కూడా గమనించాలి. కొద్ది రోజులకే రీగన్ తన ఐక్యరాజ్యసమితి రాయబారిగా ఎంపిక చేసుకున్న జీన్ కిర్క్‌పాట్రిక్, వాళ్లు ఉత్త మఠకన్యలు కారు, రాజకీయ కార్యకర్తలు అనే అర్థం వచ్చేలా మాట్లాడింది. మాట్లాడింది ఒక స్త్రీ. తాత్కాలికంగా నిలిపిన అమెరికా సైనిక సహాయం 1981 జనవరిలోనే మళ్లీ మొదలైంది. 1984లో అయిదుగురు సైనికులకు శిక్ష పడింది. పై అధికారుల ఆదేశంతోనే ఈ హత్యలు జరిగాయని, తర్వాత నిజాన్ని కప్పిపుచ్చారని ఐక్యరాజ్యసమితి సత్యశోధన సంఘం 1993లో తేల్చింది.

చట్టం ఒకవైపు, ఆశ్రయం ఒకవైపు

ఆ యుద్ధం నుంచి పారిపోయిన వాళ్లు అమెరికా సరిహద్దుకు చేరారు. అప్పటికి అమెరికాలో 1980 శరణార్థి చట్టం వచ్చింది. కాగితం మీద అది మంచి చట్టమే. ఆచరణలో 1984లో సాల్వడార్ వాసుల దరఖాస్తులు నూటికి మూడు కూడా ఆమోదం పొందలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. వాళ్లను శరణార్థులుగా ఒప్పుకుంటే, అమెరికా ఆయుధాలిస్తున్న ప్రభుత్వం తన ప్రజలను చంపుతోందని ఒప్పుకున్నట్టే.

1982 మార్చి 24న, రొమేరో రెండో వర్ధంతి రోజున, అరిజోనాలోని టూసాన్‌లో ఒక ప్రెస్బిటీరియన్ చర్చి బహిరంగంగా బ్యానరు కట్టి, ఈ శరణార్థులకు ఇక్కడ రక్షణ ఉంది అని ప్రకటించింది. క్వేకర్లు, యూదులు, కథోలికులు వందల సంఖ్యలో ఈ ఆశ్రయ ఉద్యమంలో చేరారు. ప్రభుత్వం ప్రార్థనా సమావేశాల్లోకి రహస్య టేపురికార్డర్లతో వేగులను పంపింది. టూసాన్‌లో పదకొండు మంది మీద విచారణ జరిగింది. వారిలో డార్లీన్ నిక్‌గోర్స్కీ అనే మఠకన్య ఉంది. ఆమె గ్వాటెమాలాలో పనిచేసి, అక్కడి హింసను కళ్లారా చూసి వచ్చింది. సరిహద్దుకు అవతల మెక్సికోలోని నొగాలెస్ నుంచి శరణార్థులకు సాయపడిన మరియా దెల్ సొకోర్రో అగిలార్ అనే గృహిణి కూడా ముద్దాయే.

శరణార్థుల దేశాల్లో ఏం జరుగుతోందో, అంతర్జాతీయ చట్టం ఏమంటుందో, తమ విశ్వాసం ఏం చెప్పిందో జ్యూరీ ముందు వాదించడానికి న్యాయమూర్తి అనుమతించలేదు. 1986 మే 1న ఎనిమిది మందిని దోషులుగా తేల్చారు. అయితే ఎవరినీ జైలుకు పంపలేదు, ప్రొబేషన్‌తో సరిపెట్టారు.

ఇక్కడి నుంచి కార్యకర్తలు నేర్చుకోవలసింది ఒకటుంది. ఈ ఉద్యమం ధిక్కారంతో ఆగలేదు. మతసంస్థలు, శరణార్థి సంఘాలు కలిసి 1985లో ప్రభుత్వం మీద దావా వేశాయి. 1991లో రాజీ కుదిరింది. సాల్వడార్, గ్వాటెమాలా వాసుల దరఖాస్తులను మళ్లీ మొదటి నుంచి, విదేశాంగ విధానంతో సంబంధం లేకుండా విచారిస్తామని ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. తలుపు తెరవడం, కోర్టుకు వెళ్లడం, చట్టం మార్పించడం - ఈ మూడూ ఒకే పనిలో భాగాలని వాళ్లు గ్రహించారు.

సరిహద్దులో ఇంటిపని

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో చూద్దాం. టెక్సస్‌లోని ఎల్ పాసోలో 1978 నుంచి అనన్సియేషన్ హౌస్ నడుస్తోంది. మెకాలెన్ పట్టణంలో 2014లో, నిర్బంధం నుంచి విడుదలై బస్సు స్టాండులో దిక్కు తోచక కూర్చున్న తల్లులనూ పిల్లలనూ చూసి సిస్టర్ నోర్మా పిమెంటెల్ అక్కడి సేక్రెడ్ హార్ట్ చర్చి హాలును విశ్రాంతి కేంద్రంగా మార్చింది. అక్కడ దొరికేవి వేడినీళ్ల స్నానం, ఉతికిన బట్టలు, ఒక గిన్నె సూపు, పసిబిడ్డకు డయపర్లు, బంధువులకు ఒక ఫోను, బస్సు టిక్కెట్టు కొనడంలో సాయం. నిర్బంధంలో తీసేసుకున్న బూట్ల లేసులకు బదులు కొత్తవి.

ఈ జాబితా వింటే మీకేం గుర్తొస్తుంది? మన ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ చేసే పనే కదా. వండడం, ఉతకడం, పిల్లలను చూసుకోవడం, పోయే వాళ్లకు మూట కట్టివ్వడం. సామాజిక పునరుత్పత్తి అని మనం సిద్ధాంత భాషలో చెప్పే ఈ పని ఇంట్లో ఉన్నంతకాలం లెక్కలోకి రాదు. రాజ్యం పారెయ్యాలనుకున్న మనుషుల కోసం అదే పని చేస్తే మాత్రం అది వెంటనే నేరమవుతుంది.

ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ మనుషులు అనన్సియేషన్ హౌస్‌కు వచ్చి, ఆశ్రయం పొందిన వాళ్ల వివరాలతో సహా రికార్డులన్నీ ఒక్క రోజులో ఇవ్వాలన్నారు. సంస్థ కోర్టుకు వెళ్లింది. జూలైలో జిల్లా న్యాయమూర్తి సంస్థ పక్షాన తీర్పు ఇచ్చాడు. 2025 మే 30న టెక్సస్ సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, సంస్థను మూయించే దావా కొనసాగించుకోవచ్చని అటార్నీ జనరల్‌కు అనుమతి ఇచ్చింది. అన్నం పెట్టే ఇల్లు దొంగల స్థావరంగా చిత్రించబడింది.

షికాగో దగ్గర బ్రాడ్‌వ్యూ నిర్బంధ కేంద్రం బయట 2007 నుంచి ప్రతి శుక్రవారం ఉదయం ప్రార్థనకు నిలబడిన ఇద్దరు మఠకన్యలు పాట్ మర్ఫీ, జోఆన్ పర్ష్. నిర్బంధితులను కలిసే హక్కు కోసం వాళ్లు శాసనసభ్యుల చుట్టూ తిరిగి ఇలినాయ్ రాష్ట్రంలో చట్టం తెప్పించారు. తొంభై దాటిన వయసులో ఇద్దరూ 2025లో కన్నుమూశారు. అమెరికాలో 1965లో సుమారు 1,80,000 మంది మఠకన్యలు ఉండేవారు. ఇప్పుడు 40,000 కన్నా తక్కువ, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. వీళ్ల తర్వాత ఎవరు అనే ప్రశ్న అక్కడ బలంగానే వినిపిస్తోంది.

నిర్ణయించేది ఎవరు?

2025 నవంబర్‌లో బాల్టిమోర్‌లో సమావేశమైన అమెరికా కథోలిక పీఠాధిపతులు, విచక్షణ లేకుండా మనుషులను మూకుమ్మడిగా దేశం నుంచి వెళ్లగొట్టడాన్ని వ్యతిరేకిస్తూ ప్రత్యేక సందేశం ఇచ్చారు. అనుకూలంగా 216 ఓట్లు, వ్యతిరేకంగా 5, తటస్థంగా 3. ఇది మంచి సందేశం, నేను ఆహ్వానిస్తాను. అయితే ఈ 224 ఓట్లలో ఒక్కటి కూడా స్త్రీది కాదు. కాలేదు కూడా, ఎందుకంటే చర్చి నియమాల ప్రకారం స్త్రీ గురువు కాలేదు, పీఠాధిపతి కాలేదు. స్నానానికి నీళ్లు పెట్టే చేతులు వేరు, ఓటుకు లేచే చేతులు వేరు.

మఠకన్యలు దీన్ని మౌనంగా భరించారని అనుకోకండి. 1971లో 47 మంది మఠకన్యలు కలిసి నెట్‌వర్క్ అనే సంస్థ పెట్టి వాషింగ్టన్‌లో చట్టాల కోసం పనిచేయడం మొదలుపెట్టారు. 2013లో వలసల సంస్కరణ చట్టం కోసం బస్సు వేసుకుని దేశమంతా తిరిగారు. దానికి ఒక ఏడాది ముందు, 2012లో వాటికన్ అమెరికా మఠకన్యల నాయకత్వ మండలిని తీవ్రంగా మందలించింది. తీవ్ర స్త్రీవాద భావాలు చొరబడ్డాయన్నది ఆరోపణల్లో ఒకటి. మండలిని దారిలో పెట్టడానికి ఒక అగ్రపీఠాధిపతిని నియమించింది. ఆ వ్యవహారం 2015లో గానీ ముగియలేదు.

మన దేశంలో 2018లో కేరళలో ఒక మఠకన్య పీఠాధిపతి మీద అత్యాచార ఫిర్యాదు చేసినప్పుడు, ఆమె తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు మీద ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. 2022లో విచారణ కోర్టు ఆయనను నిర్దోషి అన్నది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, ఫిర్యాదు చేసిన స్త్రీకి సంస్థ లోపల వినే చెవి దొరకలేదన్నది మనం మరవలేం. పరాయి వాళ్ల హక్కుల కోసం పోరాడే స్త్రీకి తన సంస్థలో హక్కు లేకపోవడం మనకు కొత్తేమీ కాదు. మన పార్టీల్లో, కార్మిక సంఘాల్లో కూడా చూశాం.

ఆశ్రయంలో శరీరం

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. వలస దారిలో స్త్రీల మీద అత్యాచారం అరుదైన ప్రమాదం కాదు, దారి ఖర్చుల్లో ఒకటన్నంత మామూలైపోయింది. అలా వచ్చిన స్త్రీకి అన్నం, బట్ట, వకీలు ఎంత అవసరమో, గర్భం రాకుండా మాత్ర, అవసరమైతే గర్భస్రావం కూడా అంతే అవసరం.

2006లో అమెరికా ఆరోగ్య శాఖ, అక్రమ రవాణాకు గురైన బాధితుల సహాయ కార్యక్రమాన్ని పీఠాధిపతుల సంఘానికి కాంట్రాక్టుగా ఇచ్చింది. కింద పనిచేసే సంస్థలేవీ ఆ డబ్బుతో గర్భస్రావానికి గానీ గర్భనిరోధక సాధనాలకు గానీ బాధితులను పంపకూడదని సంఘం షరతు పెట్టింది. లైంగిక వ్యాపారం నుంచి బయటపడిన స్త్రీకి కండోమ్ కూడా ఇవ్వకూడదన్న మాట! అదీ ప్రభుత్వ ధనంతో. 2009లో పౌర హక్కుల సంఘం దావా వేసింది. 2011లో ప్రభుత్వం కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు. 2012లో జిల్లా కోర్టు ఈ షరతు రాజ్యాంగ విరుద్ధమన్నది. కాంట్రాక్టు ముగిసిపోయింది గనుక విచారించేందుకు ఏమీ మిగల్లేదంటూ 2013లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అంటే ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది.

ఈ విషయంలో మనకు రాజీ ఉండకూడదని నా అభిప్రాయం. ఒక సంస్థ తన విశ్వాసం ప్రకారం తాను ఒక పని చేయకపోవచ్చు. కానీ బాధితురాలికి ఆ సేవ మరోచోట దొరుకుతుందని చెప్పకుండా దాచే హక్కు ఎవరికీ లేదు. బాధ్యత వదిలించుకోవడానికి ఇలాంటి సంస్థలకు పని అప్పగించిన రాజ్యానిది ఇందులో పెద్ద తప్పు.

రాజ్యం డబ్బు మీద ఆధారపడటంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2025 జనవరి 20న అమెరికా శరణార్థుల రాకను నిలిపేసింది, ఆ కార్యక్రమాల నిధులు ఆగిపోయాయి. పీఠాధిపతుల సంఘం ఫిబ్రవరిలో కోర్టుకు వెళ్లింది, ఉద్యోగులను తొలగించింది. ఏప్రిల్‌లో శరణార్థుల పునరావాసానికి ప్రభుత్వంతో ఉన్న ఒప్పందాలను ఇక కొనసాగించబోమని ప్రకటించింది. దశాబ్దాల యంత్రాంగం నెలల్లో కూలింది. విరాళాలతో, స్వచ్ఛంద సేవకులతో నడిచే చిన్న ఇళ్లు మాత్రం తలుపులు మూయలేదు. విదేశీ నిధుల లైసెన్సు కోసం ఢిల్లీ వైపు చూసే మన సంస్థలకు ఇది తెలియని పాఠం కాదు.

మన గడప దగ్గర

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీల సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు. ముప్పయ్యేళ్లు నిండనిదే ఇంటిపనికి పంపకూడదని, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని మన ప్రభుత్వం నియమాలు పెట్టింది. రక్షణ పేరుతో పెట్టిన ఈ నియమాలు చాలామందిని విజిట్ వీసాతో, ఏజెంటు చేతిలో పెట్టి పంపుతున్నాయి. దొంగదారిన వెళ్లిన మనిషి అక్కడ ఫిర్యాదు చేయలేదు. కువైట్ 2015లో ఇంటిపని కార్మికులకు 68వ నంబరు చట్టం చేసింది. కానీ యజమాని చేతిలో వీసా ఉన్నంతకాలం ఆ చట్టాన్ని వాడుకోవడానికి గుమ్మం దాటడమే కష్టం.

ఇంటిపని చేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని మన దేశంలో ముందుగా సంఘటితంగా అడిగిన వాళ్లలో బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్ జాన్ దెవోస్ ఒకరు. ఆమె 1985లో మొదలుపెట్టిన జాతీయ గృహ కార్మికుల ఉద్యమం మన రాష్ట్రాలకు కూడా వచ్చింది. ఇలాంటి ఉద్యమాల ఒత్తిడితోనే 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది గానీ దాన్ని ఇప్పటికీ ధృవీకరించలేదు. 1951 శరణార్థి ఒప్పందం మీద అసలు సంతకమే చేయలేదు. ఈ రెండూ మన డిమాండ్ల పత్రంలో ఉండాలి.

కలిసి పనిచేయడం ఎలా?

చివరిగా ఈ సమావేశం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను. చర్చించండి, కాదంటే కాదనండి.

ఒకటి, మఠకన్యలనూ చర్చి అధికార వ్యవస్థనూ ఒకే గాటన కట్టవద్దు. నిర్బంధ కేంద్రం బయట నిలబడ్డ ముసలి సిస్టరు మన సహచరి.

రెండు, ఉమ్మడి కార్యక్రమానికి ముందే రాతపూర్వకంగా ఒక కనీస ఒప్పందం ఉండాలి. సాయానికి మతం షరతు కాకూడదు. ఆరోగ్య సమాచారం ఏదీ దాచకూడదు. మీరు ఇవ్వలేని సేవ కోసం ఆమెను మా దగ్గరికి పంపండి అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం మీద ఎంత సేపు వాదించవలసి వచ్చినా వాదిద్దాం.

మూడు, ఆశ్రయం పొందిన స్త్రీల వివరాలు ఎంత తక్కువ రాసుకుంటే అంత మంచిది. టెక్సస్‌లో రాజ్యం ముందుగా అడిగింది రికార్డులనే.

నాలుగు, వలస వెళ్లి వచ్చిన స్త్రీలు మన కార్యవర్గాల్లో ఉండాలి. పీఠాధిపతుల ఓట్లలో స్త్రీలు లేరని ఇందాక విమర్శించాను. మన సంఘాల నిర్ణయాల్లో కువైట్ నుంచి తిరిగొచ్చిన స్త్రీలు ఎంతమంది ఉన్నారు? ఈ మధ్యాహ్నం కమిటీ ఎన్నిక ఉంది కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం మన చేతిలోనే ఉంది.